చాంపియన్ తర్వాతి వరుస

మన పూర్వ విద్యార్థుల సంఘం సమావేశం ఎప్పుడు జరిగినా, భోజనాలయ్యాక మాట ఆటల మీదికి మళ్లుతుంది. క్రికెట్ సంగతి పది నిమిషాల్లో తేలిపోతుంది. బాక్సింగ్ దగ్గరికి వచ్చిందంటే మాత్రం సాయంత్రం టీ వచ్చేదాకా తెగదు. మేరీ కోమ్ గొప్పా, నిఖత్ జరీన్ గొప్పా? మా బ్యాచ్‌లోనే రెండు పక్షాలున్నాయి. ఇంతలో ఎవరో ఒకరు “ముందు మన మల్లీశ్వరి సంగతి తేల్చండి” అని మూడో పక్షం పెడతారు. చాలా ఏళ్లు సోషల్ పాఠాలు చెప్పినవాణ్ణి కనుక తీర్పు నన్ను చెప్పమంటారు. స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదకులు అడిగారు కాబట్టి, నాకు తోచిన తీర్పు ఇక్కడ రాస్తున్నాను. అయితే తీర్పు కంటే ముందు చరిత్ర చూడాలి. ఎందుకంటే గొప్పతనాన్ని కొలిచే కొలబద్ద కాలాన్నిబట్టి మారుతూ వచ్చింది.

బలవంతుల గురించి వాదించుకోవడం మన ప్రాంతానికి కొత్త కాదు. కోడి రామమూర్తి నాయుడు గారు 1880లలో వీరఘట్టంలో పుట్టారు. విజయనగరంలో పెరిగారు. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో తాను చదివిన బడిలోనే డ్రిల్లు మాస్టారుగా చేరారు. ఆ తర్వాత సర్కసు కంపెనీ పెట్టి దేశమంతా తిరిగారు. ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి తెంచడం, మోటారు కార్లను కదలకుండా ఆపడం, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకోవడం ఆయన ప్రదర్శనలు. జనం ఆయనకు ‘కలియుగ భీముడు’ అని పేరు పెట్టారు. 1942లో కన్నుమూశారు. శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరే ఉంది.

ఆయన మాది అంటే మాది అని విజయనగరం వాళ్లూ మనమూ వాదించుకుంటాం. ఆయన పుట్టిన నాటికి శ్రీకాకుళం జిల్లాయే లేదు. అది 1950లో ఏర్పడింది, విజయనగరం జిల్లా 1979లో వచ్చింది. 2022 నుంచి వీరఘట్టం పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. గీతలు మారాయి, మనిషి ఒక్కడే.

ఆయన గొప్పతనానికి కొలబద్ద చూసేవాళ్ల కన్ను. గొలుసు తెగింది, కారు ఆగింది, అందరూ చూశారు. ఎదుట సమానమైన బరువున్న ప్రత్యర్థి లేడు, లెక్క రాసే జడ్జీ లేడు. అందుకే ఆయన్ని ఇప్పటివాళ్లతో పోల్చడం కుదరదు.

రెండో కొలబద్ద తూకం. అది మనకు తెచ్చింది కరణం మల్లీశ్వరి. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి. 1975లో పుట్టారు. నీలంశెట్టి అప్పన్న మాస్టారి దగ్గర బరువులెత్తడం మొదలుపెట్టి, 1994, 1995 సంవత్సరాల్లో 54 కిలోల విభాగంలో ప్రపంచ చాంపియన్ అయ్యారు. ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్‌ను ఒలింపిక్స్‌లోకి తీసుకున్నది 2000లో, సిడ్నీలోనే. ఆ ఏడాది ఆమెను పంపాలా, ప్రపంచ పోటీల్లో ఎన్నో వెండి పతకాలు తెచ్చిన మణిపూర్ లిఫ్టర్ కుంజరాణి దేవిని పంపాలా అని దేశమంతా వాదించుకుంది. మల్లీశ్వరి పని అయిపోయిందని పత్రికల్లో కూడా రాశారు.

2000 సెప్టెంబరు 19న 69 కిలోల విభాగంలో ఆమె స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం గెలిచారు. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ ఆమే. చైనా, హంగరీ లిఫ్టర్లిద్దరూ 242.5 కిలోలే ఎత్తారు. శరీర బరువు తక్కువ కనుక బంగారం చైనాకు దక్కింది. మల్లీశ్వరి చివరి ప్రయత్నంలో 137.5 కిలోలు పెట్టించారు. అది లేచి ఉంటే బంగారం మనదే. ఆ బరువు లేవలేదు. ఈ లెక్కల్లో ఎవరి అభిప్రాయానికీ చోటు లేదు. ఇనుము లేచిందా లేదా అన్నదే ప్రశ్న.

బాక్సింగ్ అలా కాదు. వాదన అంత కాలం సాగడానికి కారణం కూడా ఇదే. మూడు నిమిషాల రౌండ్లు మూడు ఉంటాయి. రింగు చుట్టూ కూర్చున్న ఐదుగురు జడ్జీలు ఒక్కో రౌండుకు గెలిచినవారికి 10, ఓడినవారికి 9 లేదా అంతకంటే తక్కువ పాయింట్లు వేస్తారు. 5-0 అంటే ఐదుగురూ ఒకే మాట చెప్పారని. 3-2 అంటే ఇద్దరి కళ్లకు ఓడినవారే గెలిచినట్లు కనబడిందని. 1980లో మహమ్మద్ అలీ మద్రాసు వచ్చి ప్రదర్శన పోటీ ఆడిన నాటి నుంచీ మన తరంలో చాలామందికి బాక్సింగ్ అంటే అలీయే. రింగులో జడ్జీల కార్డు ఎంత పని చేస్తుందో మనకు తెలిసింది మాత్రం మేరీ కోమ్ వల్ల.

మేరీ పక్షం వాళ్ల మాట ముందు వినాలి. ఆమెకు ఆరు ప్రపంచ టైటిళ్లున్నాయి: 2002, 2005, 2006, 2008, 2010, 2018. మొదటి ఐదూ 45 నుంచి 48 కిలోల మధ్య బరువుల్లో గెలిచినవి. 2012లో లండన్‌లో ఆడవాళ్ల బాక్సింగ్‌కు తొలిసారి ఒలింపిక్స్‌లో చోటు దొరికింది. కానీ అక్కడ అన్నిటికంటే తక్కువ విభాగమే 51 కిలోలు. తన శరీరానికి మించిన బరువులో, తనకంటే పొడగరులతో తలపడి కంచు తెచ్చారు. అప్పటికే ఇద్దరు పిల్లల తల్లి. ఇక ఇంతకంటే ఏం కావాలంటారు వాళ్లు.

నిఖత్ పక్షం వాళ్ల దగ్గరా సరుకు ఉంది. 1996లో నిజామాబాద్‌లో పుట్టిన ఈ అమ్మాయి మొదట పరుగు పందేల్లో ఉండేది. బాక్సింగ్‌లో ఆడపిల్లలెందుకు లేరని అడిగి గ్లవ్స్ తొడుక్కుంది. అక్కడ సంసముద్దీన్ కోచ్ దగ్గర తొలి పాఠాలు నేర్చుకుంది. 2009లో మన విశాఖపట్నంలోని సాయ్ కేంద్రానికి వచ్చి, తర్వాత ద్రోణాచార్య అవార్డు అందుకున్న ఐ.వెంకటేశ్వరరావు గారి దగ్గర శిక్షణ పొందింది. రెండేళ్లు తిరిగేసరికి 2011లో టర్కీలోని అంటాల్యాలో జూనియర్ ప్రపంచ బంగారం తెచ్చింది. 2017లో భుజం గాయమై ఏడాది పాటు రింగుకు దూరమైంది. అయినా తిరిగొచ్చింది.

ఈ రెండు పక్షాలూ ఎదురుపడింది 2019లో. టోక్యో ఒలింపిక్స్ అర్హత పోటీలకు 51 కిలోల విభాగంలో మేరీ కోమ్‌ను ఎంపిక పోటీ లేకుండానే పంపాలన్న ఆలోచన బాక్సింగ్ సమాఖ్యలో వచ్చింది. నిఖత్ అప్పటి కేంద్ర క్రీడా మంత్రి కిరణ్ రిజిజుకు ఉత్తరం రాసి, నాకు న్యాయంగా ఒక పోటీ పెట్టండి, అంతే చాలు అని అడిగారు. దేశమంతా రెండుగా చీలింది. ఆరుసార్లు ప్రపంచాన్ని గెలిచిన మనిషికి ఇంకా పరీక్షేమిటని కొందరన్నారు. పరీక్ష లేకపోతే తర్వాతివాళ్లు ఎప్పుడు వస్తారని మరికొందరన్నారు. డిసెంబరు 28న ఢిల్లీలో పోటీ జరిగింది. మేరీ 9-1తో స్పష్టంగా గెలిచారు. చివర్లో కరచాలనం జరగలేదని జనం ఎక్కువగా దాని గురించే మాట్లాడుకున్నారు.

ఆ తర్వాత జరిగింది చూడండి. 2021లో టోక్యోలో మేరీ కొలంబియా బాక్సర్ ఇంగ్రిత్ వాలెన్సియా చేతిలో 3-2తో ఓడిపోయారు. మూడు రౌండ్లలో రెండు ఆమే గెలిచారు. మొదటి రౌండులో పోయిన పాయింట్లు మాత్రం తిరిగిరాలేదు. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో నిఖత్ థాయ్‌లాండ్ బాక్సర్ జుతామస్ జిత్‌పోంగ్‌ను 5-0తో ఓడించి 52 కిలోల ప్రపంచ చాంపియన్ అయ్యారు. మేరీ, సరితాదేవి, జెన్నీ, లేఖల తర్వాత ఆ ఘనత సాధించిన ఐదో భారతీయ మహిళ. అదే ఏడాది బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో బంగారం. 2023లో ఢిల్లీలో 50 కిలోల విభాగంలో రెండో ప్రపంచ టైటిల్. 2024లో పారిస్‌లో మాత్రం చైనా బాక్సర్ వు యు అడ్డుపడ్డారు. ఆ వు యు చివరికి బంగారం గెలిచారు.

ఇక నా తీర్పు. రికార్డు మేరీదే. ఆరు టైటిళ్లనూ ఒలింపిక్ పతకాన్నీ పక్కన పెట్టి ఎవరూ వాదించలేరు. ఆ 2019 పోటీలోనూ గెలిచింది ఆమే. కానీ చరిత్ర చదివేవాడిగా నాకు ఆ పోటీలో ముఖ్యంగా కనబడేది 9-1 కాదు. పోటీ జరగడమే ముఖ్యం. ఓడిన అమ్మాయి తన స్థానం ఏమిటో తెలుసుకుని వెళ్లింది. రెండున్నరేళ్లలో ప్రపంచ చాంపియన్ అయింది. పోటీ పెట్టకపోయి ఉంటే ఆమె ఓటమి గురించి కూడా మనకు తెలిసేది కాదు. మేరీ గెలుపుకు విలువ వచ్చింది కూడా నిఖత్ అడిగి తెచ్చుకున్న ఆ మూడు రౌండ్ల వల్లే. చాంపియన్ గొప్పతనానికి నాలుగో కొలబద్ద ఇదే: తర్వాతి వరుసలో ఉన్నవాళ్లకు రింగులో దిగే అవకాశం దొరికిందా లేదా?

ఈ కొలబద్ద ఇప్పుడు నిఖత్‌కూ వర్తిస్తుంది. 2025 సెప్టెంబరులో లివర్‌పూల్ ప్రపంచ పోటీల్లో ఆమె టర్కీ బాక్సర్ బుసెనాజ్ చాకిరోగ్లు చేతిలో క్వార్టర్ ఫైనల్లో ఓడారు. అక్కడే హర్యానా అమ్మాయిలు జైస్మిన్, మీనాక్షి బంగారాలు గెలిచారు. వరుస కదులుతోంది.

మన దగ్గర వరుస ఎలా కదిలిందో కూడా చూడాలి. మల్లీశ్వరి తర్వాత విజయనగరం జిల్లా కొండవెలగాడ నుంచి మత్స సంతోషి వచ్చారు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో మొదట కంచు దక్కింది. నైజీరియా లిఫ్టర్ డోపింగ్‌లో దొరికిపోవడంతో అది వెండి అయింది. ఊసవానిపేటైనా కొండవెలగాడైనా, ఆ ఊళ్లలో పెద్ద స్టేడియాలు లేవు. బరువులున్నాయి, నేర్పే మాస్టారున్నారు, పిల్లల్ని ఎంపిక పోటీలకు తీసుకెళ్లేవాళ్లున్నారు. నిజామాబాద్‌లో కూడా అంతే. సంసముద్దీన్ కోచ్ ఇంటి నుంచే ఆయన కొడుకు హుసాముద్దీన్ వచ్చి 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లో, 2023 ప్రపంచ పోటీల్లో కంచు పతకాలు తెచ్చారు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, స్వర్ణోత్సవ నిధిని ఏం చేయాలన్నది ఈ వేసవి సర్వసభ్య సమావేశంలో తేల్చుకోవాలి. చాంపియన్ల బొమ్మలతో బడి ముందు ఆర్చి కట్టిద్దామని ఒక ప్రతిపాదన ఉంది. ఆ బొమ్మలు చూసి పిల్లలు గర్వపడతారన్న మాట నిజమే, ఆ ప్రతిపాదన చేసిన మిత్రుల మనసు నాకు తెలుసు. నా ప్రతిపాదన వేరు. ఏ ఆటలోనైనా మన బడి పిల్ల జిల్లా ఎంపికలకు అర్హత పొందితే, శ్రీకాకుళం వెళ్లడానికీ, అక్కడ నెగ్గితే రాష్ట్ర పోటీలకు వెళ్లడానికీ బస్సు చార్జీలు, బూట్లు, గ్లవ్స్, చేతి పట్టీలు, తోడు వెళ్లే టీచరు ఖర్చులు మన సంఘం భరించాలి. గెలిస్తేనే ఇస్తామని షరతు పెట్టకూడదు. ఓడి వచ్చిన పిల్లకు మరుసటి ఏడాది కూడా ఇవ్వాలి.

ఆర్చి మీద పెట్టాల్సిన తర్వాతి బొమ్మ ఎవరిదో ఈరోజు మనకు తెలియదు. ఆ పిల్ల బహుశా ఇప్పుడు ఏడో తరగతిలో ఉండి ఉంటుంది. ఎంపిక పోటీ ఏ రోజున జరుగుతుందో, అక్కడికి ఎవరు తీసుకెళ్తారో ఆ పిల్లకు చెప్పేవాళ్లు ఉండాలి. ఆ పని మనది. సమావేశానికి అందరూ రండి, ఆర్చికైనా నిధికైనా మీ ఓటు మీరే వేయండి.