ఉద్దానం తీరంలో ప్రాథమిక పాఠశాల: చదువు, ఖర్చు

శ్రీకాకుళం జిల్లా ఉత్తర భాగంలో, మహేంద్రగిరి కొండలకూ బంగాళాఖాతానికీ నడుమనున్న పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతంలో 1 నుంచి 5 తరగతుల వరకు చదువు చెప్పే పాఠశాలల చరిత్ర ఇది. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలను ఉద్దానంగా లెక్కిస్తారు. ఇక్కడి ప్రాథమిక పాఠశాలల్లో ఎక్కువ భాగం మండల పరిషత్తువి. వీటికి తోడు మున్సిపల్ బడులు, కొండ అంచున గిరిజన సంక్షేమ శాఖ బడులు, ప్రైవేటు యాజమాన్యంలో ఉంటూ ప్రభుత్వ గ్రాంటుతో నడిచే ఎయిడెడ్ బడులు, ఫీజులతో నడిచే ప్రైవేటు బడులు ఉన్నాయి. బడిలో ఏం చెప్పారన్నది ఒక కథ, డబ్బు ఎవరిచ్చారన్నది మరో కథ అనిపిస్తుంది గాని, రెండు వందల ఏళ్లుగా ఈ రెండూ ఒక్కటిగానే నడిచాయి. జీతం ఇచ్చే చెయ్యి మారినప్పుడల్లా పాఠమూ మారింది.

వీధి బడి కాలం

ఈ ప్రాంతం అప్పట్లో మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో జిల్లా కలెక్టర్లందరినీ బడుల లెక్క అడిగాడు. గంజాం నుంచి వచ్చిన లెక్కలో 255 బడులు, 2,977 మంది పిల్లలు ఉన్నారు. అందులో ఆడపిల్లలు 12 మంది. కులాల వారీగా చూస్తే 808 మంది బ్రాహ్మణ బాలురు, 243 మంది వైశ్యులు, 1,001 మంది శూద్రులుగా రాసినవారు, 886 మంది ఇతర కులాలవారు, 27 మంది ముస్లింలు. చదువు బ్రాహ్మణులకే పరిమితమై ఉండేదన్న మాటను ఈ అంకెలు కాదంటాయి. అందరికీ అందేదన్న మాటకు ఆ పన్నెండు మంది ఆడపిల్లలే జవాబు.

అరుగు మీద నడిచే ఆ బడిలో చదువంటే ఇసుకలో అక్షరాలు దిద్దడం, ఎక్కాలు, శతక పద్యాలు, అమరకోశం, జాబు రాయడం, జమాఖర్చు. ముద్రణ వచ్చాక పెద్ద బాలశిక్ష చేరింది. అయ్యవారికి నెల జీతమంటూ ఉండేది కాదు. పిల్లల ఇళ్ల నుంచి వచ్చే ధాన్యం, కొద్దిపాటి రొక్కం, పండగ మామూళ్లు, దసరా కానుకలు, ఇదే ఆదాయం. ఖర్చు పెట్టేది తల్లిదండ్రులు కాబట్టి వాళ్లకు పనికొచ్చేదే పాఠమైంది. కౌలు లెక్క, వడ్డీ లెక్క, పత్రం చదవడం వస్తే బడి పని అయిపోయినట్టే. మధ్యలో కోతలొస్తే బడి ఆగేది.

మన్రో 1826లో ఒక పథకం రాశాడు. తహశీలుకొక బడి, ఉపాధ్యాయుడికి నెలకు 9 రూపాయలు. కలెక్టరేటు బడులకైతే 15 రూపాయలు. రాజధాని మొత్తానికి ఏటా 48,000 రూపాయలు చాలునని అంచనా. మరుసటి ఏడే ఆయన చనిపోయాడు. 1836లో తహశీలు బడులను ఎత్తేశారు.

తల లెక్క గ్రాంటు

1854 నాటి ఉడ్స్ డిస్పాచ్ కొత్త దారి తెరిచింది. ప్రభుత్వం తానే అన్ని బడులూ పెట్టనక్కర్లేదు, ఇతరులు పెట్టిన బడికి షరతులతో సాయం చేస్తే చాలు అన్నది దాని సారం. ఈ సాయమే గ్రాంట్-ఇన్-ఎయిడ్. నేటి ‘ఎయిడెడ్’ బడికి మూలం ఇదే. మిషనరీలు, జమీందార్లు, ఊరి పెద్దలు, చివరకు సొంతంగా బడి పెట్టుకున్న పంతుళ్లు కూడా దీనికి అర్హులయ్యారు. టెక్కలి, సోంపేటల్లో కెనడియన్ బాప్టిస్టు మిషను పనిచేసింది. అంతకన్నా ఎక్కువ ప్రభావం చూపింది మాత్రం పంతులే యజమాని అయిన చిన్న బడులు. వీధి బడి అయ్యవారే రిజిస్టరు పెట్టి, ఇన్‌స్పెక్టరుకు చూపించి, గ్రాంటు బడి మాస్టారయ్యాడు.

గ్రాంటు ఎలా లెక్కకట్టారన్నదే అసలు విషయం. ఇంగ్లండులో 1862లో రాబర్ట్ లో తెచ్చిన ‘ఫలితాన్ని బట్టి చెల్లింపు’ పద్ధతి మద్రాసుకూ దిగుమతి అయింది. ఏడాదికోసారి ఇన్‌స్పెక్టరు వస్తాడు. చదవడం, రాయడం, లెక్కలు, ఒక్కో పిల్లవాడు ఒక్కో అంశంలో ప్యాసైతే ఇంత అని గ్రాంటు. ఆ రోజు పిల్లవాడికి జ్వరమొస్తే మాస్టారి జీతం తగ్గుతుంది. పరీక్షలో లేని విషయం చెబితే కూలి దక్కని పని. దీనితో వీధి బడిలోని పద్యం, జమాఖర్చు పక్కకు పోయాయి, బట్టీ మాత్రం నిలబడింది. భారత ప్రభుత్వం 1904 విద్యా తీర్మానంలో ఈ పద్ధతిని తప్పుపట్టాక గాని అది పోలేదు. పరీక్ష ఫలితంతో బడి నిధుల్ని ముడిపెట్టాలని ఇప్పటికీ ఎవరో ఒకరు కొత్త సలహాలా చెబుతుంటారు. గంజాం పంతుళ్లకు అది పాత అనుభవమే.

ఇదే కాలంలో స్థానిక పన్ను కూడా మొదలైంది. 1871 లోకల్ ఫండ్ చట్టంతో రోడ్లకూ బడులకూ కలిపి సెస్సు వచ్చింది. 1884 చట్టం జిల్లా, తాలూకా బోర్డులను తెచ్చింది. 1920 ప్రాథమిక విద్యా చట్టం జిల్లా విద్యా మండళ్లను ఏర్పరచి, విద్యా పన్ను వేసుకునే అధికారం ఇచ్చి, బోర్డు ఒప్పుకుంటే నిర్బంధ విద్య అమలు చేయవచ్చంది. కరువులతో, జమీందారీ శిస్తులతో నలిగే తాలూకాల్లో కొత్త పన్ను ఎంత పుడుతుందో ఊహించుకోవచ్చు.

గిడుగు సొంత ఖర్చు

ఈ ప్రాంతపు చదువు చరిత్రలో ఒక మనిషి దగ్గర ఆగాలి. ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి 1880లో నెలకు 30 రూపాయల జీతం మీద పర్లాకిమిడి రాజావారి బడిలో చరిత్ర చెప్పే ఉపాధ్యాయుడిగా చేరాడు. టెక్కలి నుంచి పర్లాకిమిడి దూరమేమీ కాదు. 1900లో నౌపడా నుంచి టెక్కలి మీదుగా పర్లాకిమిడికి చిన్న రైలు కూడా పడింది. చుట్టూ కొండల్లో ఉన్న సవరలకు బడి లేదు, వాళ్ల భాషలో పుస్తకం లేదు. గిడుగు ముందు తాను సవర నేర్చుకున్నాడు. ఆ భాషలో వాచకాలు రాశాడు. సొంత డబ్బుతో బడులు పెట్టి, పంతుళ్లకు జీతాలిచ్చాడు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే తీసుకోక, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమన్నాడని ఆయన జీవిత చరిత్రలు చెబుతాయి. ఆయన సవర భాషా వ్యాకరణాన్ని ప్రభుత్వం 1931లో అచ్చువేసింది.

తెలుగు వాచకాల విషయంలోనూ ఆయన పట్టు ఇదే: ఇంట్లో మాట్లాడే భాషలో పుస్తకం ఉంటే పిల్లవాడి కాలం, తండ్రి డబ్బు రెండూ మిగులుతాయి. వ్యావహారిక భాషోద్యమాన్ని సాహిత్య వివాదంగానే చెప్పుకోవడం అలవాటైంది గాని, దాని పుట్టుక తరగతి గదిలో. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు పోయింది. గిడుగు రాజమండ్రికి తరలిపోయాడు. టెక్కలి, మందస, సోంపేట, ఇచ్ఛాపురం విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. సరిహద్దుకు ఇవతల మిగిలిన ఒడియా పిల్లలకు ఒడియా మాధ్యమ బడులు ఆనాటి నుంచీ అవసరమయ్యాయి. ఇప్పటికీ నడుస్తున్నాయి. సవర పిల్లలకు మాత్రం సొంత భాషలో మళ్లీ వాచకం రావడానికి 2004 దాకా ఆగాల్సి వచ్చింది. ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలైనప్పుడు సవర అందులో చేరింది.

సమితి బడి

1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాయి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. 1959 పంచాయతీ సమితుల చట్టం ప్రాథమిక బడులను సమితులకు అప్పగించింది. ఊళ్లలో ‘సమితి బడి’ అన్న పేరు చాలాకాలం నిలిచింది. ఏకోపాధ్యాయ బడులు ఎక్కువ. ఒకే గదిలో ఐదు తరగతులు, ఒకే మాస్టారు. బదిలీలు సమితి పెద్దల చేతిలో ఉండడం ఉపాధ్యాయ సంఘాలు బలపడడానికి ఒక కారణం. శ్రీకాకుళ గిరిజన పోరాటానికి నాయకులైన వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడి మాస్టర్లేనన్నది ఇక్కడ చెప్పుకోదగిన సంగతి. మండల వ్యవస్థ వచ్చాక ఈ బడులు మండల పరిషత్తుకు మారాయి, జీతాలు రాష్ట్ర ఖజానా నుంచి 010 పద్దు కింద రాసాగాయి. పెత్తనం స్థానికం, డబ్బు రాష్ట్రానిది అన్న ఏర్పాటు అలా స్థిరపడింది.

డబ్బు లేనప్పుడు చవక ఉపాధ్యాయులు వచ్చారు. 1980లలో నెలకు 398 రూపాయల మీద స్పెషల్ టీచర్లను తీసుకున్నారు. ఆ తరం తమను తాము ‘398 టీచర్లు’గా చెప్పుకుంటుంది. తర్వాత విద్యా వలంటీర్లు వచ్చారు. మరోవైపు బయటి సొమ్ము కూడా చేరింది. 1984లో బ్రిటిష్ సాయంతో రాష్ట్రంలో మొదలైన ప్రాథమిక విద్యా పథకం పిల్లల్ని జట్లుగా కూర్చోబెట్టి పనితో నేర్పడం అలవాటు చేసింది. 1987 నాటి ఆపరేషన్ బ్లాక్‌బోర్డు రెండో గదికి, రెండో ఉపాధ్యాయుడికి తలుపు తీసింది.

2003 జనవరిలో రాష్ట్రమంతటా వండి పెట్టే మధ్యాహ్న భోజనం మొదలైంది. జీడి కర్మాగారాల్లో పొద్దున్నే పనికి పోయే తల్లులున్న పలాస, కాశీబుగ్గల్లో, మగవాళ్లు వలస పోయే తీర గ్రామాల్లో దీని విలువ వేరుగా చెప్పనక్కర్లేదు. ప్రాథమిక తరగతి పిల్లవాడికి రోజుకు 100 గ్రాముల బియ్యం లెక్క. వంట చేసే మహిళకు రాష్ట్రం 2019 నుంచి ఇస్తున్న గౌరవ వేతనం నెలకు 3,000 రూపాయలు. బడి ఖర్చులన్నిటిలో ఫలితం ఎక్కువ, కూలి తక్కువ ఉన్న పద్దు ఇదేనని చెప్పవచ్చు.

ఎయిడెడ్ బడి క్షీణత

అమెరికాలో మినెసోటా రాష్ట్రం 1991లో చట్టం చేసి చార్టర్ పాఠశాలలను మొదలుపెట్టినప్పుడు అదొక కొత్త ఆలోచనగా ప్రచారమైంది. ప్రజల డబ్బు, ప్రైవేటు నిర్వహణ, ఉచిత చదువు. మద్రాసు రాజధానికి ఇది అప్పటికి వందేళ్లు దాటిన సంగతి. తేడా ఒకటుంది. చార్టర్ బడికి పిల్లల సంఖ్యను బట్టి డబ్బు వస్తుంది, పాఠ్యక్రమంలో కొంత స్వేచ్ఛ ఉంటుంది, మాట నిలబెట్టుకోకపోతే ఒప్పందం పోతుంది. మన ఎయిడెడ్ బడికి మంజూరైన పోస్టుల జీతమే గ్రాంటు. పాఠ్యపుస్తకం, పరీక్ష, పని దినాలు అన్నీ ప్రభుత్వానివే. భవనం, మరమ్మతు యాజమాన్యం భారం. అందుకే పోస్టు ఖాళీ అయి నింపకపోతే ఆ బడి తనంతట తానే మూతపడుతుంది. మూసివేత ఉత్తర్వు కూడా అక్కర్లేదు. ఏళ్ల తరబడి జరిగింది ఇదే. 2021లో ప్రభుత్వం ఎయిడెడ్ సంస్థలను ఆస్తులతో సహా అప్పగించమని, లేదా సిబ్బందిని అప్పగించి ప్రైవేటుగా నడుపుకోమని అడిగింది. రాష్ట్రంలో పలుచోట్ల తల్లిదండ్రులు, విద్యార్థులు వీధికెక్కారు. నవంబరులో, ఎయిడెడ్‌గానే కొనసాగే వీలు కూడా ఉందని ప్రభుత్వం మెమో ఇచ్చింది. అప్పటికే చాలా సంస్థలు సిబ్బందిని అప్పగించేశాయి.

హక్కు చట్టం తర్వాత

2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యా హక్కు చట్టం లెక్కను తిరగేసింది. 60 మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు, 90 వరకు ముగ్గురు. ఐదో తరగతి దాకా ఏడాదికి 200 పని దినాలు, 800 బోధన గంటలు. 2011 రాష్ట్ర పాఠ్యప్రణాళిక చట్రం తర్వాత పాఠ్యపుస్తకాలు మారాయి, నిరంతర మూల్యాంకనం వచ్చింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి కొబ్బరి, జీడి తోటలతో పాటు బడుల పైకప్పులనూ దెబ్బతీసింది. మరుసటి ఏడాది నవంబరులో మొదలైన ‘నాడు-నేడు’ తొలి దశలో రాష్ట్రవ్యాప్తంగా 15,715 బడుల మరమ్మతు తల్లిదండ్రుల కమిటీల ద్వారా జరిగింది. కాంట్రాక్టరు బదులు తల్లుల సంతకంతో చెక్కు వెళ్లడం ఈ ప్రాంతపు బడులకు కొత్త అనుభవం. అదే ఏడాది ఇంగ్లిషు మాధ్యమ ఉత్తర్వులు వచ్చాయి. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టేసింది. ఆ తర్వాత ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిషుగా ద్విభాషా పుస్తకాలు వచ్చాయి.

2022లో 117వ నంబరు ఉత్తర్వు 3, 4, 5 తరగతులను దగ్గరి ఉన్నత పాఠశాలలకు తరలించి, చాలా బడుల్లో 1, 2 తరగతులే మిగిల్చింది. ఇసుక దారుల్లో ఎనిమిదేళ్ల పిల్ల కిలోమీటరు నడవడం కాగితం మీద చిన్న దూరం. 2025లో ఆ ఉత్తర్వు పోయి, తరగతికో ఉపాధ్యాయుడుండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలల పద్ధతి వచ్చింది. 2011 జనాభా లెక్కల్లో శ్రీకాకుళం జిల్లా అక్షరాస్యత 61.74 శాతం, రాష్ట్ర సగటు కన్నా తక్కువ. ఇంత మార్పును మోసేది ఆ నేల.

ఊరి బడి చేతికి నేరుగా వచ్చే సొమ్ము ఇప్పటికీ చిన్నదే. సమగ్ర శిక్ష కింద 30 మంది లోపు పిల్లలున్న బడికి ఏడాదికి 10,000 రూపాయలు, 100 మంది వరకు 25,000, 250 వరకు 50,000. సుద్దముక్క, కరెంటు బిల్లు, చీపురు, అన్నీ ఇందులోనే; పదో వంతు పరిశుభ్రతకు కేటాయించాలి. విద్యా హక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం ఈ ఖర్చును పరిశీలించే అధికారం పాఠశాల యాజమాన్య కమిటీది, ఆ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే. కమిటీలో ఉన్నవారు ఏటా ఆ లెక్క పుస్తకం ఒకసారి తీసి చూడాలి.