మాతృభాష గణాంకాలు – ఉపయోగాలు, పరిమితులు

ఒక ప్రాంతంలో ఏ భాషవారు ఎందరున్నారో తెలుసుకొనుటకు ప్రధానాధారం జనగణన. పిల్లల చదువు, ప్రభుత్వ ప్రకటనల భాష వంటి నిత్యజీవిత విషయాలపై చర్చ వచ్చినప్పుడు ముందుగా చూసేవి ఈ అంకెలే. అందుచేత రాష్ట్రేతర తెలుగువారికి వీటిని సరిగా చదవడం తెలిసి ఉండాలి.

సేకరణ: జనగణన నిర్వచనం ప్రకారం మాతృభాష అంటే బాల్యంలో తల్లి బిడ్డతో మాట్లాడిన భాష. తల్లి శైశవంలోనే మరణించి ఉంటే, ఆనాడు ఇంట ప్రధానంగా వాడిన భాషను తీసుకుంటారు. బడిలో చదివిన భాషతో గాని, లిపి జ్ఞానంతో గాని దీనికి సంబంధం లేదు. తెలుగు చదవడం రానివారి మాతృభాష కూడా తెలుగే కావచ్చు. ఒకే కుటుంబంలోనైనా ఒక్కొక్కరి మాతృభాషను విడిగా నమోదు చేస్తారు. తెలిసిన మరి రెండు భాషలను వేరుగా రాసుకుంటారు.

వర్గీకరణ: 2011లో ప్రజలు చెప్పిన మాతృభాషల పేర్లు 19,569. పరిశీలన అనంతరం వీటిని 1,369 మాతృభాషలుగా గుర్తించి, తగిన భాషల కింద చేర్చారు. వడారి తెలుగు కింద చేరింది. 2001లో 7.40 కోట్లున్న తెలుగువారు 2011 నాటికి 8.11 కోట్లయ్యారు. అయినను దేశ జనాభాలో వారి వాటా 7.19 శాతం నుండి 6.70 శాతానికి తగ్గింది. సంఖ్య పెరుగుట, వాటా పెరుగుట ఒకటి కావని దీనివలన తెలియుచున్నది.

ఉపయోగాలు: 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వీలు కల్పించాలని చెబుతోంది. తరగతికి 10 మంది లేదా పాఠశాలకు 40 మంది విద్యార్థులుంటే ఉపాధ్యాయుని నియమించాలన్న సూత్రం 1949 నాటిది. అల్పసంఖ్యాక భాషవారు 15 శాతం లేదా అంతకు మించి ఉన్న జిల్లా, తాలూకాలలో ముఖ్య ప్రకటనలను వారి భాషలోనూ వెలువరించాలన్నది మరొక రక్షణ. మొదటిదానికి బడి హాజరు పట్టిక, రెండవదానికి జనగణన ఆధారం. ఒకదానికి బదులు మరొకటి పనికిరాదు.

పరిమితులు: సగటు అంకె స్థానిక సత్యాన్ని మరుగుపరచగలదు. 2011లో కర్ణాటకలో తెలుగువారు 5.84 శాతమే. కోలారు, బళ్లారి జిల్లాలలో అంతకంటె ఎంతో ఎక్కువ. పుదుచ్చేరి మొత్తంలో తెలుగువారు కొద్దిమంది. యానాంలో వారిదే ఆధిక్యం. కావున రాష్ట్ర సగటుతో ఆగక జిల్లా, తాలూకా పట్టికలను చూడాలి. కాలవిలంబం మరొక చిక్కు. 2011 నాటి భాషా వివరాలు 2018లో వెలువడ్డాయి. 2021 జనగణన వాయిదా పడింది.

తదుపరి జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా 2025లో ప్రకటించారు. ఎంత నేర్పుగా విశ్లేషించినా, ఇంటి గుమ్మం వద్ద నమోదు కాని సమాధానాన్ని ఏ పట్టికా తిరిగి తేలేదు. అడిగినప్పుడు ఉన్నదున్నట్లు చెప్పి, రాసినదానిని సరిచూచుకొనుట ప్రతి కుటుంబానికి శ్రేయస్కరం.