హోవర్డ్ జాన్సన్
హోవర్డ్ జాన్సన్ (ఆగస్టు 7, 1941 – జనవరి 11, 2021) అమెరికన్ జాజ్ సంగీతకారుడు, స్వరకర్త. ట్యూబాపై మనోధర్మ వాదనానికి ప్రసిద్ధుడు. అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీలో జన్మించి, ఒహాయోలోని మాసిలన్‌లో పెరిగాడు. బారిటోన్ శాక్సఫోన్, ఆ తరువాత ట్యూబా స్వయంగా నేర్చుకుని, 1963లో న్యూయార్క్ చేరాడు. 1964 నుంచి చార్లెస్ మింగస్ బృందంలో, అనంతరం దీర్ఘకాలం గిల్ ఎవాన్స్ వాద్యబృందంలో వాయించాడు.

ఇత్తడి వాద్యాల్లో అత్యంత మంద్రస్థాయి గల ట్యూబా తొలినాటి న్యూ ఆర్లియన్స్ జాజ్‌లో ఆధార స్వరాలకే ఎక్కువగా పరిమితమైంది. 1930ల నాటికి ఆ స్థానాన్నీ తంత్రీవాద్యమైన డబుల్ బేస్ ఆక్రమించింది. జాన్సన్ ట్యూబాను తారస్థాయి వరకు తీసుకెళ్లి, ట్రంపెట్‌తో సమానంగా రాగం నడిపే వాద్యంగా మలిచాడు. 1960ల చివర్లో అతడు కూడగట్టిన ట్యూబా బృందమే తరువాత ‘గ్రావిటీ’ అయింది. అందులో సాధారణంగా ఆరు ట్యూబాలకు లయవాద్యాలు తోడయ్యేవి. ఈ బృంద సభ్యుల్లో నలుగురు తాజ్ మహల్ అనే బ్లూస్ గాయకుని ‘ది రియల్ థింగ్’ (1971) ఆల్బమ్‌లో వాయించారు.

‘శాటర్డే నైట్ లైవ్’ టెలివిజన్ కార్యక్రమ వాద్యబృందంలో జాన్సన్ 1975 నుంచి 1980 వరకు కొనసాగాడు. గ్రావిటీ తొలి ఆల్బమ్ మాత్రం 1990ల మధ్యలో గాని వెలువడలేదు. చివరిదైన ‘టెస్టిమనీ’ 2017లో విడుదలైంది.