అనువర్తనాల మెనూ

కంప్యూటరు డెస్క్‌టాపు మీద ఒక మీట నొక్కగానే తెరుచుకొని, కంప్యూటరులో స్థాపించిన ప్రోగ్రాములను చూపించే జాబితాను అనువర్తనాల మెనూ లేదా ప్రధాన మెనూ అంటారు. 1995 ఆగస్టు 24న విడుదలైన విండోస్ 95 లోని స్టార్ట్ మెనూ ద్వారా ఇది జనసామాన్యానికి బాగా పరిచయమైంది. లినక్సులో కేడీఈ, గ్నోమ్ డెస్క్‌టాపులు తమ సొంత మెనూలను రూపొందించుకున్నాయి. 2011 ఏప్రిల్ 6న వెలువడిన గ్నోమ్ 3.0 ఈ మెనూను తొలగించి, తెర నిండా పరచుకొనే అవలోకనాన్ని ప్రవేశపెట్టింది.

నిర్మాణం

లినక్సు డెస్క్‌టాపులలో ఈ మెనూను ఎవరూ ఒకచోట కూర్చొని రాయరు. ఫ్రీడెస్క్‌టాప్ ప్రమాణం ప్రకారం ప్రతి ప్రోగ్రాము తనతో పాటు ఒక చిన్న పాఠ్య ఫైలును తెస్తుంది. ప్రోగ్రాము పేరు, ప్రతిమ, నడిపించవలసిన ఆదేశం, చెందిన వర్గం (ఆఫీసు, విద్య, ఆటలు, చిత్రాలు వగైరా) అందులో ఉంటాయి. మెనూ ఆ ఫైళ్ళను చదివి తనంతట తానే పేర్చుకుంటుంది.

తెలుగు మెనూ

హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగు లినక్సు నిర్వహణ వ్యవస్థను రూపొందించింది. గ్నోమ్, కేడీఈలను కూడా స్వచ్ఛంద అనువాదకులు తెలుగులోకి తెచ్చారు. పైన చెప్పిన ఫైలులో తెలుగు భాషా సంకేతంతో పేరు కోసం మరొక పంక్తి చేర్చితే చాలు, తెలుగును ఎంచుకున్న వాడుకరికి ఆ పేరే కనిపిస్తుంది. ఆ పంక్తి లేనిచోట ఆంగ్లమే మిగులుతుంది. ఇటువంటి కలగలుపు మెనూను అక్షరక్రమంలో పేర్చినపుడు సాధారణంగా ఆంగ్ల పేర్లు ముందు, తెలుగు పేర్లు తరువాత వస్తాయి. అనగా తెలుగు మాత్రమే చదవగలిగిన వ్యక్తి తనకు తెలియని అక్షరాలన్నీ దాటుకొని జాబితా అడుగుకు చేరవలసి ఉంటుంది. సగం అనువాదం వల్ల కలిగే ఇబ్బంది ఇది.

పదాల ఎంపిక మరొక చిక్కు. గ్నోమ్ తెలుగు అనువాదంలో వాడిన "అనువర్తనము" అనే మాట నిఘంటువుకు దగ్గర, వాడుకకు దూరం. "ప్రోగ్రాము" అంటే ఎక్కువమందికి తెలుస్తుంది, కాని అది తెలుగు కాదన్న అభ్యంతరం ఉన్నది. వర్గాల పేర్లకైనా వాడుక పదాలను తీసుకోవడం మేలు, ఎందుకంటే వాడుకరి మొదట చదివేది వాటినే.

లిపి కూడా రూపకల్పనను ప్రభావితం చేస్తుంది. "వ్యవస్థ" అనే ఒక్క మాటలోనే రెండు ఒత్తులు గీత కిందికి దిగుతాయి. ఆంగ్లానికి సరిపోయే వరుస ఎత్తులో ఒత్తులు కిక్కిరిసిపోయి, చిన్న అక్షరాలలో చదవడం కష్టమవుతుంది. కనుక వరుసల మధ్య మరికొంత ఎడం అవసరం.

వెతుకుట

మెనూలో పేరు టైపు చేసి వెతికే పద్ధతి వచ్చిన తరువాత కొత్త సమస్య తలెత్తింది. తెలుగు మెనూ ఉన్నా, చాలామంది కీబోర్డు మీద ఉన్నవి ఆంగ్ల అక్షరాలే. తెలుగు లేఅవుట్ తెలియని వాడుకరి "గణనయంత్రం" కోసం ఆంగ్లంలో వెతికితే దొరకకపోవచ్చు. ఇందుకు పరిష్కారం ఆ పాఠ్య ఫైలులోనే ఉన్నది. దానిలోని కీలకపదాల పంక్తిలో అనువాదకులు తెలుగు మాటతో పాటు ఆంగ్ల పదాన్ని కూడా ఉంచితే రెండు విధాలుగానూ ప్రోగ్రాము దొరుకుతుంది.