మహిమ రాజ్యాలు (మోర్మన్ విశ్వాసం)

పునరుత్థానం, తీర్పు ముగిసిన తరువాత మనుషులు చేరుకుంటారని మోర్మన్లు నమ్మే మూడు పరలోక రాజ్యాలు. వీటిలో పైది సిలెస్టియల్, నడిమిది టెరెస్ట్రియల్, కిందిది టెలెస్టియల్. వాటి వెలుగును వరుసగా సూర్యుడు, చంద్రుడు, నక్షత్రాలతో పోలుస్తారు. ఈ బోధ మోర్మన్ల ‘యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము’ మూల సిద్ధాంతాల్లో ఒకటి. తెలుగునాట ఈ సంఘస్థులు ప్రధానంగా హైదరాబాదు, విశాఖపట్నం, రాజమహేంద్రవరంలలో ఉన్నారు. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల వైపు క్రైస్తవుల్లో ఎక్కువమంది ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్), సీఎస్‌ఐ, లూథరన్, బ్రదరన్, పెంతెకొస్తు సంఘాలవారు. వారు విన్నవి పరలోకం, నరకం అనే రెండు గమ్యాలే. ఆర్‌సీఎం వారు మాత్రం వీటితోపాటు ఉత్తరించు స్థలాన్ని కూడా నమ్ముతారు.

పూర్వరంగం

పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో సూర్య, చంద్ర, నక్షత్రాల మహిమలు వేర్వేరని చెప్పాడు, రెండో పత్రికలో మూడో ఆకాశాన్ని ప్రస్తావించాడు. తరువాతి శతాబ్దాల్లో చెప్పుకోదగినవి డాంటే కావ్యంలోని ఆకాశాలు, స్వీడన్ తత్త్వవేత్త స్వీడన్‌బోర్గ్ 1758లో వర్ణించిన మూడు స్వర్గాలు.

దర్శనాలు: 1832–1843

1832 ఫిబ్రవరి 16న ఒహాయో రాష్ట్రంలోని హైరమ్ అనే పల్లెలో, జాన్ జాన్సన్ అనే రైతు ఇంటి మేడగదిలో, సంఘ స్థాపకుడు జోసెఫ్ స్మిత్, ఆయన సహచరుడు సిడ్నీ రిగ్డన్ బైబిలు సవరణ పనిలో కూర్చున్నారు. యోహాను సువార్త 5వ అధ్యాయంలో మేలు చేసినవారి పునరుత్థానం, కీడు చేసినవారి పునరుత్థానం గురించి చెప్పే వచనం దగ్గర పని ఆగింది. మంచి, చెడు అనే రెండు గంపగుత్త వర్గాలతో మనుషులందరి లెక్క ఎలా తేలుతుందన్నది వారి ప్రశ్న. అప్పుడే తమ ఇద్దరికీ ఒకే దర్శనం కలిగిందని వారు ప్రకటించారు. ఆ సమయంలో గదిలో ఉన్న ఫైలో డిబుల్ అనే సంఘ సభ్యుడు దాన్ని తరువాత గుర్తుచేసుకున్నాడు. ఒకరు తమకు కనబడినది పైకి చెప్పడం, రెండోవారు తనకూ అదే కనబడుతోందనడం, ఇలా సుమారు గంటసేపు సాగిందట. చివరికి రిగ్డన్ పాలిపోయి నీరసించి కూర్చుంటే, స్మిత్ మాత్రం నిబ్బరంగా ఉన్నాడట.

ఆ దర్శన పాఠం 1832 జులైలో సంఘ పత్రికలో అచ్చయింది. నేడు అది ‘సిద్ధాంతము మరియు నిబంధనలు’ గ్రంథంలో 76వ ప్రకరణం. దాని ప్రకారం క్రీస్తును నమ్మి, బాప్తిస్మం పొంది, విశ్వాసంలో నిలిచినవారు సిలెస్టియల్ రాజ్యంలో తండ్రి సన్నిధిని ఉంటారు. మంచివారై ఉండీ లోకపు మాయలో పడి సత్యాన్ని గ్రహించనివారు, విశ్వాసంలో గట్టిగా నిలవనివారు టెరెస్ట్రియల్ రాజ్యానికి వెళ్తారు. అబద్ధికులు, వ్యభిచారులు తమ తప్పులకు శిక్ష అనుభవించాక టెలెస్టియల్ రాజ్యం చేరతారు. ఆ అట్టడుగు రాజ్యపు మహిమ సైతం మనిషి ఊహకు అందనంత గొప్పదంటుంది ఈ పాఠం. సత్యాన్ని పూర్తిగా ఎరిగి తిరగబడిన కొద్దిమందికే ఏ మహిమా లేని బాహ్య అంధకారం. నిత్యాగ్ని ప్రసంగాలు మారుమోగుతున్న ఆనాటి అమెరికాలో ఇంత ఉదారమైన మాట పలకడం సాహసమే. సంఘం లోపలే కొందరికి ఇది మింగుడుపడలేదు. తరువాత సంఘాధ్యక్షుడైన బ్రిగమ్ యంగ్ కూడా ఇది తాను పెరిగిన నమ్మకాలకు విరుద్ధంగా తోచిందని, ఆలోచించి ప్రార్థించాకే అంగీకరించానని చెప్పుకున్నాడు. దర్శనం జరిగిన ఐదు వారాలకు, మార్చి 24 రాత్రి, ఒక గుంపు స్మిత్‌నూ రిగ్డన్‌నూ ఇళ్ళలోంచి ఈడ్చి ఒంటికి తారు పూసి ఈకలు అంటించింది.

1836 జనవరి 21న ఒహాయోలోని కర్ట్‌లాండ్ ఆలయంలో స్మిత్‌కు మరో దర్శనం కలిగింది. 1823లోనే, అంటే సంఘం పుట్టకముందే, చనిపోయిన తన అన్న ఆల్విన్ సిలెస్టియల్ రాజ్యంలో కనిపించాడు. బాప్తిస్మం లేని అన్న అక్కడికి ఎలా చేరాడన్న ఆశ్చర్యానికి జవాబుగా, సువార్త వినే అవకాశం లేకుండా పోయినవారిలో, వినివుంటే అంగీకరించేవారు ఆ రాజ్యానికి వారసులని తెలిసింది. ఈ సిద్ధాంతానికి గుండెకాయ ఇదే. 1840 ఆగస్టులో ఇల్లినాయ్ రాష్ట్రంలోని నావూలో ఒక అంత్యక్రియల ప్రసంగంలో స్మిత్ మృతుల తరఫున బాప్తిస్మం బోధించాడు. మొదట్లో ఆ బాప్తిస్మాలు మిసిసిపీ నదిలోనే ఇచ్చారు. 1843 మేలో సిలెస్టియల్ రాజ్యంలోనే మూడు అంతరాలున్నాయని, అన్నిటికన్నా పైదానికి మరణంతో ముగియని నిత్య వివాహం తప్పనిసరి అని చెప్పాడు.

1844లో స్మిత్ హత్య జరిగింది. ఆ తరువాత ఈ సిద్ధాంతానికి చేరిన పెద్ద చేర్పు ఒక్కటే. 1918 అక్టోబరు 3న అప్పటి సంఘాధ్యక్షుడు జోసెఫ్ ఎఫ్. స్మిత్‌కు మృతుల లోకంలో సువార్త ప్రకటన దర్శనమైంది.

తెలుగువారి మధ్య

1853 జులైలో మోర్మన్ మిషనరీ రిచర్డ్ బాలెంటైన్ మద్రాసులో దిగి ఏడాదిపాటు బోధించాడు. ఆయన శ్రోతలు ఎక్కువగా ఆంగ్ల సిపాయిలు, ఐరోపావారు. తెలుగు జిల్లాలకు ఆ మాట చేరలేదు. అప్పటికే నరసాపురంలో 1836 నుంచి బౌడెన్, బీర్ కుటుంబాల బ్రదరన్ మిషను, మచిలీపట్నంలో 1841 నుంచి సీఎంఎస్ (చర్చ్ మిషనరీ సొసైటీ) మిషను పాతుకుపోయాయి. గోదావరి, కృష్ణా క్రైస్తవానికి నేడున్న రూపం వాటి చేతుల్లో తీరినదే.

1978 డిసెంబరులో కథ మళ్ళీ మొదలైంది, ఈసారి ఒక తెలుగు ఇంట్లో. పశ్చిమ సమోవాలో కీటకశాస్త్రజ్ఞుడిగా పనిచేస్తూ ఈ సంఘంలో చేరిన ఎడ్విన్ ధర్మరాజు, ఆయన భార్య ఎల్సీ హైదరాబాదు వచ్చి 22 మంది బంధువులకు బాప్తిస్మం ఇప్పించారు. బాప్టిస్టు బోధకుడైన ఎల్సీ తండ్రి రెవరెండు పి. శ్రీనివాసం మోర్మన్ గ్రంథాన్ని తెలుగు చేశారు, ఎంపిక చేసిన భాగాలు 1982లో అచ్చయ్యాయి. వేరే సంఘానికి చెందిన పెద్దమనిషి అల్లుడి విశ్వాస గ్రంథాన్ని అనువదించడం చాలా అరుదైన, ఆదరణీయమైన సంగతి. 1993లో బెంగళూరు కేంద్రంగా మిషను ఏర్పడింది. 2012 మే 27న భారతదేశంలోని మొదటి స్టేకు (అనేక స్థానిక సంఘాల సమూహం) హైదరాబాదులో నెలకొంది.

పోలికలు

నవంబరు 2న సమాధుల పండుగ నాడు ఏలూరు, తాడేపల్లిగూడెం శ్మశానాల్లో కుటుంబాలు సమాధులకు సున్నం కొట్టి, బంతిపూలు పరిచి, చీకటిపడ్డాక కొవ్వొత్తులు వెలిగిస్తాయి. బతికున్నవారి ప్రార్థన చనిపోయినవారికి అందుతుందన్న ఆర్‌సీఎం నమ్మకం మోర్మన్లు ఆలయాల్లో మృతుల తరఫున చేసే సంస్కారాలకు దగ్గరగా వస్తుంది. పితృదేవతలకు పిండప్రదానం చేసే హిందూ గృహస్థుకూ ఇది కొత్త భావన కాదు. పురాణాల్లోని ఏడు ఊర్ధ్వలోకాలు పైకి ఇలాగే కనిపిస్తాయి గానీ, అక్కడ స్వర్గంలో పుణ్యం కరిగితే జీవుడు మళ్ళీ భూమికి దిగాల్సిందే. మోర్మన్ బోధలో పునర్జన్మ లేదు. ఒక రాజ్యం నుంచి పైదానికి ఎక్కే వీలుందా అన్నది సంఘం తేల్చి చెప్పలేదు.

మృతుల తరఫున సంస్కారం జరగాలంటే పూర్వీకుల పేర్లు, వివరాలు కావాలి. తెలుగు ఇళ్ళలో తండ్రివైపు తరాలు ఇంటిపేరు పట్టుకుంటే కొంత దూరం దొరుకుతాయి. పెళ్ళితో ఇంటిపేరు మారిన ఆడవారి పుట్టింటి తరాలను వెతకడం చాలా కష్టం, ముత్తవ్వలను ఎరిగిన ముసలివాళ్ళను అడిగి రాసుకోవాలి. భారత సభ్యులు ఈ సంస్కారాల కోసం విదేశాల్లోని ఆలయాలకు వెళ్ళవలసి వచ్చేది. దేశంలో మొదటి ఆలయాన్ని బెంగళూరులో కడతామని అప్పటి సంఘాధ్యక్షుడు రసెల్ ఎం. నెల్సన్ 2018 ఏప్రిల్ 1న ప్రకటించారు. 2020 డిసెంబరు 2న అక్కడ శంకుస్థాపన జరిగింది.