అట్టతో చేసిన కంప్యూటరు

కంప్యూటరు లేకుండా కంప్యూటరు పాఠం చెప్పగలమా? జట్నీలో మన సమాజం నడిపే సాయంకాల తరగతికి వచ్చే పదవ తరగతి కుర్రవాడొకడు నిరుడు "మీ దగ్గర మిషను లేదు గదండీ" అని మానివేసినాడు. ఆ మాట మా మనస్సులో ముల్లై నిలిచినది. కొనే స్తోమతు మనకు లేదు. కాని చరిత్ర తిరగవేస్తే దారి కనబడినది.

1968లో అమెరికాలో సైతం అనేక హైస్కూళ్లకు కంప్యూటరు అందని పండే. అప్పుడు బెల్ టెలిఫోన్ లాబొరేటరీస్ వారు విద్యార్థుల కోసం అట్టతో 'కార్డియాక్' అనే కంప్యూటరును వెలువరించినారు. రూపొందించినవారు డేవిడ్ హేగెల్‌బార్గర్, సాల్ ఫింగర్‌మన్ గార్లు.

దానికి కరెంటు అక్కరలేదు. పెన్సిలు, రబ్బరు చాలును. జ్ఞాపకం ఉంచుకొనుటకు 100 గళ్లు, ఆజ్ఞలు 10 రకాలు. ఆజ్ఞకు మూడంకెలు: మొదటిది చేయవలసిన పని, తక్కిన రెండూ గడి నెంబరు. 134 అంటే 34వ గడిలోని సంఖ్యను తీసుకో. 235 అంటే 35వ గడిలోనిది దానికి కలుపు. 636 అంటే మొత్తాన్ని 36వ గడిలో వ్రాయి. ఎంతవరకు వచ్చినామో గుర్తుకు చిన్న పురుగు బొమ్మ గడినుండి గడికి జరుగుతుంది. యంత్రం చేసే పనులన్నీ విద్యార్థి చేతులే చేస్తవి.

మన దేశంలో 1984లో ప్రారంభమైన 'క్లాస్' పథకం క్రింద సుమారు 250 బళ్లకు బి.బి.సి. మైక్రో కంప్యూటర్లు వచ్చినవి. మరి తక్కిన బళ్ల మాటేమి? 1990 దశకంలో టిమ్ బెల్, మైక్ ఫెలోస్, ఇయన్ విటెన్ అనే ఆచార్యులు మిషను లేని ఆటలే కూర్చినారు. 1, 2, 4, 8, 16 చుక్కల కార్డులతో అయిదుగురు పిల్లలు నిలబడి, కార్డులు చూపుతూ, దాస్తూ 0 నుండి 31 వరకు ఏ సంఖ్యనైనా చెప్పగలరు. 16, 4, 1 చూపితే 21.

మేమూ పాత శుభలేఖల వెనుక గళ్లు గీసినాము. తొమ్మిదవ తరగతి అమ్మాయి 235కు బదులు 253 వ్రాసినది. 53వ గడి ఖాళీ. కూడిక కుదరలేదు.

"తప్పని మిషనుకు తెలియదా?" అన్నది.

"మిషనువు నీవే గదమ్మా, నీకు తెలిసినదా?" అన్నాము.

పక్కున నవ్వి దిద్దుకొన్నది. అంకె తారుమారైతే ఏమగునో రైల్వే గుమాస్తాలమైన మాకు వేరే చెప్పాలా? వ్యాగను ఒక ఊరు, కాగితం ఒక ఊరు!

సోదర సోదరీమణులారా, మిషను కొనేదాకా చదువును ఆపవద్దు. మీ ఇంట పాత శుభలేఖలుంటే ఉగాది వెళ్లిన ఆదివారం సమాజ భవనానికి పంపండి. పిల్లలను కూడా. మానివేసిన ఆ కుర్రవానికి మేమే స్వయంగా కబురు పెడుతున్నాము.