కంప్యూటరు జ్ఞాపకము – దాని వేగము

నేటి సుల్తాన్ బజారుకు పూర్వనామము రెసిడెన్సీ బజారు. 1933లో ఆ బజార్లు నిజాము ప్రభుత్వమునకు తిరిగి దక్కిన పిమ్మట ఇప్పటి పేరు స్థిరపడినది. దాని ప్రక్కనే, కోఠిలో, గుజరాతీ గల్లీ ఉన్నది. రేడియోను బాగుచేయించుకొనే అలవాటు గల కుటుంబములకు ఆ సందు కొత్త కాదు. వాల్వు పోయి ట్రాన్సిస్టరు వచ్చినా, ట్రాన్సిస్టరు పోయి చిప్పు వచ్చినా, విడిభాగము కావలసినవారు అటే నడుస్తారు.

ఆ చుట్టుప్రక్కల ఒక దుకాణమునకు కొంతకాలము క్రిందట మేమును వెళ్లినాము. ఇంట్లో ప్రసంగములు వ్రాసుకొనే కంప్యూటరు నెమ్మదించినది. అన్నిటికంటె వేగవంతమైన మెమరీని, అనగా అంగడి భాషలో ర్యామ్‌ను, కొని పెడితే చాలుననుకొన్నాము. దుకాణదారు మా ప్రాసెసరు పేరు అడిగినాడు. చెప్పగానే చేతిలోని పలకను తిరిగి పెట్టెలో పెట్టి, "ఇది మీదానికి ఎక్కదు సార్, గాడే వేరు" అన్నాడు. తప్పు మాదే. ప్రాసెసరుకూ మెమరీకీ గల పొత్తు ఎంత పాతదో, ఎన్ని తగవులు పడినదో, తిరిగి వచ్చిన తరువాతగాని మేము విచారించలేదు.

ఆ కథలో మన ఊరికీ భాగమున్నది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన డాక్టరు అయ్యగారి సాంబశివరావుగారి సారథ్యమున, అణుశక్తి శాఖ క్రింద, 1967లో హైదరాబాదున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఏర్పడినది. ట్రాంబేలో జరిగిన కృషి ఆధారముగా 1969లో టీడీసీ-12 అనే కంప్యూటరు వెలువడినది. ఆ పేరులోని మొదటి అక్షరము ట్రాంబేది. 12 అన్నది ఒక్క మాటలో ఇమిడే బిట్ల సంఖ్య. 1975లో పదహారు బిట్ల టీడీసీ-316 వచ్చినది.

ఆ తరము యంత్రములకు జ్ఞాపకము ఫెర్రైటు ఉంగరములలో ఉండేది. ఆవగింజలవంటి ఉంగరములను సన్నని తీగలకు గ్రుచ్చి వల వలె అల్లేవారు. ఉంగరము ఒక దిక్కుగా అయస్కాంతమైతే ఒకటి, ఎదురు దిక్కుగా అయితే సున్న. చిత్రమేమనగా, చదివితే చెరిగిపోయేది. చదివిన వెంటనే మరల వ్రాయవలసి వచ్చేది. ఈ చదువూ వ్రాతా కలిసి ఒకటి రెండు మైక్రోసెకండ్లు పట్టేది. చిన్న యంత్రములలో గణన చేసే భాగము ఆ తాళమునకే నడిచేది. అనగా ఆనాడు యంత్రపు వేగమనగా చాలవరకు దాని జ్ఞాపకపు వేగమే. రెండింటికీ తగవు లేదు.

తగవు చిప్పులతో వచ్చినది. ఐబీఎం సంస్థలో రాబర్ట్ డెన్నార్డ్ 1966లో ఒకే ట్రాన్సిస్టరుతో ఒక బిట్టును నిలుపు ఉపాయము కనిపెట్టినాడు. 1970లో ఇంటెల్ వారి 1103 చిప్పు 1,024 బిట్లతో అంగడికి వచ్చి ఉంగరములకు కాలము చెల్లజేసినది. ఈ జ్ఞాపకము చౌక, కాని చిల్లికుండ. అందులోని విద్యుత్తు కారిపోతూ ఉంటుంది కనుక క్షణములో ఎన్నోసార్లు నింపుతూ ఉండవలెను. ప్రాసెసరు వేగము ఏటేట దూకినది. మెమరీ నడకతోనే వచ్చినది. మధ్యలో చిన్న వేగపు గిడ్డంగి, అదే క్యాషె, పెట్టి సర్దుకొన్నారు. 1989 నాటి 486 ప్రాసెసరులో అది చిప్పులోపలనే చేరినది. అయినను 1995లో వుల్ఫ్, మెక్కీ అనే ఇద్దరు పరిశోధకులు ఈ ఎడమునకు "మెమరీ గోడ" అని పేరు పెట్టవలసి వచ్చినది.

కొనుగోలుదారుని జేబుకు ఆ గోడ తగిలిన ఘట్టము 2000 నవంబరుది. పెంటియమ్ 4 ప్రాసెసరు వచ్చినది. దానితో రాంబస్ మెమరీ తప్ప మరొకటి పనిచేయదు. అది సెకనుకు 3.2 గిగాబైట్లు అందించగలది గాని ధర ఎక్కువ. 2001 సెప్టెంబరులో చౌక మెమరీకి వీలు కల్పించినారు. అది సెకనుకు సుమారు ఒక్క గిగాబైటే ఇచ్చేది. గుర్రమును కొని గడ్డి తగ్గించినట్లయినది. కొద్ది నెలలకే, సుమారు రెండు గిగాబైట్లు ఇచ్చే డీడీఆర్ దానికి జత కూడినది. ఆగినవారు బాగుపడినారు. రాంబస్ కొన్నవారికి మాత్రము తరువాతి ప్రాసెసర్లలో ఆ పలకలు పనికిరాలేదు.

అటుపిమ్మట మెమరీని నడిపే భాగమే ప్రాసెసరులోనికి ప్రవేశించినది: 2003లో ఏఎండీ వారి అథ్లాన్ 64లో, 2008లో ఇంటెల్ కోర్ ఐ7లో. దుకాణదారు మమ్ములను పలక పేరు గాక ప్రాసెసరు పేరు అడిగినది ఇందుచేతనే. ప్రాసెసరు తయారీదారు ఏ వేగమునకు పూచీపడినాడో అంతే లెక్క. అంతకు మించినది యజమాని సాహసము. పలకల సంఖ్య కూడా చూడవలెను. 2022లో వచ్చిన రైజెన్ 7000 రెండు పలకలతో 5200 వేగమునకు పూచీపడినది. నాలుగు పెడితే 3600కే.

మరి మార్చుకొనుటకు అదను ఎప్పుడు? 2021 నవంబరులో ఇంటెల్ పన్నెండవ తరము పాత డీడీఆర్4నూ కొత్త డీడీఆర్5నూ రెంటినీ అంగీకరించినది, అయితే బోర్డును బట్టి ఏదో ఒకటే. అప్పుడు కొత్తది దొరకుట కష్టము, ధర హెచ్చు, లాభము స్వల్పము. పాతదానితో సర్దుకొన్నవారిది తెలివైన బేరమే. ఒక తరము పుట్టిన ఏడాది దానిని కొనరాదని మా అభిప్రాయము. కాని ఆగుట కూడా ఎల్లవేళలా కలిసిరాదు. 2025 చివరి నెలలలో, కృత్రిమ మేధ కేంద్రములు చిప్పులను మూటలు కట్టుకొని పోవుటచేత, మెమరీ ధర ఇబ్బడిముబ్బడిగా పెరిగినది. దిగివచ్చునని కూర్చున్నవారు చేతులు కాల్చుకొన్నారు.

మేము ఆనాడు కొత్త పలక కొనలేదు. మా పాత గాడికి సరిపడే డీడీఆర్4 పలకనే, మా ప్రాసెసరు ఒప్పుకొనే వేగమునదే, మరొకటి తెచ్చి ప్రక్కన చేర్చినాము. ఈ ప్రసంగము దానిమీదనే వ్రాసినాము.